చిల్లు పెట్టకుండా వీణకు పికప్ పెట్టుకోవడం ఎలా

కచేరీలో మైకుతో పడే బాధ వీణ వాయించేవాళ్లందరికీ తెలుసు. వీణ నాదం స్వతహాగా చిన్నది, పక్కన మృదంగం, ఘటం కూర్చుంటాయి, సౌండ్ అతను స్టాండు మైకును వీణ కుండకు, అంటే గుండ్రటి బోలు భాగానికి, జానెడు దూరంలో పెట్టి శబ్దం పెంచే ఫేడర్ పైకి తోస్తాడు, తీరా చూస్తే ఆ మైకులో వీణ కంటే మృదంగమే బాగా వినిపిస్తుంది. ఇంకాస్త తోస్తే కుయ్యిమంటుంది. నవరాత్రి పందిళ్లలో అయితే చెప్పనే అక్కర్లేదు, జనరేటరు హోరు, పక్క స్టాల్లో పాట, అన్నీ కలిసి వస్తాయి. అందుకే చాలామంది వాయిద్యానికే అంటించే కాంటాక్ట్ మైక్ కొనుక్కుంటారు, లేదా ఎవరితోనైనా అలాంటి పనే చేసే పికప్ పెట్టించుకుంటారు, వారం తిరక్కుండానే "వీణలా లేదు, రేకు డబ్బా మోగినట్టుంది" అని తీసి డ్రాయర్‌లో పడేస్తారు.

తప్పు చాలాసార్లు పికప్‌ది కాదు. వేలు పోసి కొన్న కాంటాక్ట్ మైక్ అయినా, బజర్‌లో వాడే మామూలు పీజో బిళ్ళ అయినా, ముందు చూడాల్సినవి రెండు: వీణ మీద దాన్ని ఎక్కడ అంటించారు, దాని వైరు తీసుకెళ్లి ఎందులో గుచ్చారు. ఈ రెండూ సరిగ్గా ఉంటే చవక బిళ్ళ కూడా వీణలాగే పలుకుతుంది, లేకపోతే ఎంత ఖరీదైనదైనా రేకు డబ్బాయే. కాబట్టి ఇక్కడ బిళ్ళతోనే మొదలుపెడదాం. పని అర్థమయ్యాక కావాలంటే మంచిది కొనుక్కోవచ్చు, అప్పుడు దేనికి డబ్బు పెడుతున్నారో కూడా తెలుస్తుంది.

ముందు ఒక్క మాట. వీణకు డ్రిల్లు పెట్టకండి. గిటార్‌కు కింద చిల్లు పెట్టి జాక్ బిగించడం మామూలే, దాన్ని చూసి వీణకూ అలాగే చేద్దామని కొందరు ఉత్సాహపడతారు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేసే ఏకాండి వీణ అయితే కుండ, మెట్లుండే పొడుగాటి దండి అన్నీ ఒకే పనస దుంగలో తొలిచి తీసినవి, అందులో ఒక చోట పగులు మొదలైతే ఆ ముక్క వరకే మార్చుకుందాం అనుకోవడానికి లేదు. పైగా ఇక్కడ చిల్లుతో అవసరమే లేదు, మొత్తం పని పైనుంచే అవుతుంది.

ఏ రకం పికప్

రెండు రకాలున్నాయి. ఒకటి ఎలక్ట్రిక్ గిటార్‌లో ఉండే అయస్కాంతం పికప్. అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది, దాని మీద ఇనుము ఉన్న తీగ కదిలితే కరెంటు పుడుతుంది. వీణలో వాయించే నాలుగు తీగల్లో సన్నవైన సారణి, పంచమం స్టీలువి కాబట్టి అవి దీంట్లో బాగానే పలుకుతాయి. కింది స్థాయివైన మంద్రం, అనుమంద్రాలకు ఒట్టి ఇత్తడి తీగలు వేసుకుంటే మాత్రం దాదాపు మూగబోతాయి. లోపల స్టీలు, పైన రాగి చుట్టు ఉన్న తీగలైతే ఆ స్టీలు పుణ్యమా అని పలుకుతాయి గానీ నాలుగు తీగలూ ఒకే మోతాదులో రావడం కష్టం. అంతకంటే పెద్ద తేడా ఏమిటంటే ఈ పికప్ తీగను మాత్రమే వింటుంది, పనస చెక్కను వినదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు అంతలా పలికించారంటే దానికి కారణం ఉంది, మాండొలిన్‌లో నాదం టక్కున ఆగిపోతుంది, పికప్‌తో అది నిలబడుతుంది. వీణకు ఆ ఇబ్బంది లేదు, తీగ నాదం బాగానే నిలుస్తుంది, మనకు కావలసింది కుండలోంచి వచ్చే గుమ్మనే నాదమే. అందుకే నా ఓటు రెండో రకానికి.

రెండోది పీజో. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు, పియెర్, జాక్, కనిపెట్టారు. ఇప్పుడు బజర్లలో, గ్రీటింగ్ కార్డుల్లో ఉండే బిళ్ళ పనిచేసేది ఆ సూత్రం మీదే: సన్నటి ఇత్తడి బిళ్ళ, దాని మధ్యలో తెల్లటి సిరామిక్ పూత. చెక్క అదిరితే బిళ్ళ వంగుతుంది, వంగితే వోల్టేజీ వస్తుంది. తీగ ఇనుమా ఇత్తడా అన్న గొడవ దీనికి లేదు.

కావలసినవి

27 మిల్లీమీటర్ల పీజో బిళ్ళలు రెండు మూడు తీసుకోండి, ఒకటి సోల్డరింగ్‌లో పోయినా బాధ ఉండదు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నైలో రిచీ స్ట్రీట్‌లో ఏ కొట్టులో అడిగినా దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో సంగతి సరేసరి. 20 మిల్లీమీటర్లవీ ఉంటాయి, అవి కాస్త సన్నగా పలుకుతాయి. వైర్లు ముందే సోల్డర్ చేసి ఉన్నవి అమ్ముతారు, ఆ ఎరుపు నలుపు వైర్లకు షీల్డు, అంటే బయటి కరెంటు గోలను ఆపే జాలీ, ఉండదు, వాటినే పొడుగ్గా సాగదీసి వాడితే హమ్, అంటే గుర్రుమనే కరెంటు చప్పుడు, వస్తుంది, కాబట్టి ఊడదీసి మన వైరు వేసుకోవాలి.

కాలర్ మైకులకు వాడే రకం సన్నటి షీల్డెడ్ వైరు ఒక మీటరు, పి-38 (గిటార్ వైర్లకు ఉండే పావు అంగుళం సైజు) మోనో ఫీమేల్ జాక్ ఒకటి, అంటే వైరు చివర తగిలించుకునే రకం, రాగి ఫాయిల్ టేపు కొంచెం, పల్చటి డబుల్ సైడ్ టేపు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సీసం, ఫ్లక్స్. డబుల్ సైడ్ టేపులో స్పాంజి ఉన్న మందపాటి రకం మాత్రం తీసుకోవద్దు. గోడకు ఫొటోలు అంటించుకోవడానికి అది బాగుంటుంది గానీ మన పనిలో అదిరే అదురంతా ఆ స్పాంజే మింగేస్తుంది.

సోల్డరింగ్

ఇత్తడి అంచు గ్రౌండు, మధ్యలో తెల్లటి భాగం సిగ్నల్. షీల్డెడ్ వైరులో పైన జాలీలా ఉండేది ఇత్తడికి, లోపలి వైరు తెల్లదానికి. ఇత్తడి వైపు తేలిక, కొద్దిగా గీకి ఫ్లక్స్ రాసి పెడితే పట్టుకుంటుంది. తెల్లటి వైపు జాగ్రత్త. దాని మీద ఉండేది పల్చటి వెండి పొర, ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే ఆ పొర లేచిపోతుంది, వేడి మరీ ఎక్కువైతే లోపలి సిరామిక్‌కి ఆ గుణమే తగ్గిపోతుంది. అందుకని ముందు వైరు చివరకు సీసం పట్టించి ఉంచుకోవాలి, బిళ్ళ మీద అంచుకు దగ్గరగా చిన్న చుక్క వేయాలి, తర్వాత రెండిటినీ కలిపి ఒకటి రెండు సెకన్లలో ఐరన్ తీసేయాలి. మొదటిసారి పట్టకపోతే వెంటనే మళ్లీ పెట్టకండి, చల్లారనివ్వండి.

అయ్యాక మల్టీమీటర్‌లో కెపాసిటెన్స్ రేంజ్ ఉంటే కొలవండి. 27 మిల్లీమీటర్ల బిళ్ళ సుమారు 20 నానోఫారాడ్లు చూపిస్తుంది. సున్నా దగ్గర ఉంటే ఎక్కడో అతుకు ఊడింది, షార్ట్ చూపిస్తే జాలీ వెంట్రుక ఒకటి తెల్లటి వైపు తగులుతోంది. ఆ 20 నానోఫారాడ్లు గుర్తుంచుకోండి, ప్రీయాంప్ (మిక్సర్‌కు ముందు పెట్టే చిన్న సర్క్యూట్) దగ్గర మళ్లీ వస్తుంది.

తర్వాత షీల్డింగ్. ఇది చాలామంది వదిలేస్తారు, వదిలేసి సీరియల్ లైట్లున్న పందిట్లో "బర్ర్" మంటోందని సౌండ్ అతని మీద పడతారు. బిళ్ళ తెల్లటి వైపు మీద ముందు మామూలు సెలో టేపు రెండు వరసలు వేయండి, సోల్డర్ చుక్క కూడా మూసుకుపోవాలి. దాని మీద రాగి ఫాయిల్ వేసి, ఆ ఫాయిల్ ఇత్తడి అంచుకు తగిలేలా మడిచి, ఒక చోట చిన్న సోల్డర్ చుక్కతో కలపండి. ఫాయిల్ వెనక ఉండే జిగురు కరెంటును పంపిస్తుందని డబ్బా మీద రాసినా దాన్ని నమ్ముకోవద్దు. ఇప్పుడు కింద ఇత్తడి, పైన రాగి, మధ్యలో సిగ్నల్, చుట్టూ గ్రౌండు. వైరు బిళ్ళ నుంచి బయటికొచ్చే చోట అరల్డైట్ చిన్న చుక్క వేసి ఆరనిస్తే వైరు లాగినప్పుడు ఆ లాగుడు సోల్డర్ మీద పడదు.

వైరు రెండో చివర ఫీమేల్ జాక్. లోపలి వైరు పిన్ను కొన తగిలే టిప్‌కి, జాలీ బయటి స్లీవ్‌కి. అంతే.

ఎక్కడ అంటించాలి

అసలు పని ఇక్కడుంది, దీనికి ఓ సాయంత్రం కేటాయించండి.

కుండ లోపలికి చెయ్యి పోదు, కాబట్టి బిళ్ళ పైనే, కుండను మూసే పలక మీదో తీగలను మోసే బ్రిడ్జి మీదో ఉండాలి. ఇత్తడి వైపు చదునుగా ఉంటుంది, అది చెక్కకు ఆనాలి. బ్రిడ్జి చెక్క పక్కన అంటిస్తే తీగ శబ్దం బలంగా, స్పష్టంగా వస్తుంది, కూత (ఫీడ్‌బ్యాక్) తక్కువ, కానీ గోరు తగిలే టిక్కు, మెట్టు మీద వేలు జారే గీర కూడా అంతే స్పష్టంగా వస్తాయి, నాదం కాస్త పలచన. పలక మీద, బ్రిడ్జి కాలుకు ఒకటి రెండు అంగుళాల దూరంలో అంటిస్తే కుండలోని గుమ్మనే నాదం వస్తుంది, వీణలా వినిపిస్తుంది, బదులుగా స్పీకర్ దగ్గరైతే తొందరగా కూస్తుంది. పలక మధ్యకు వెళ్లే కొద్దీ ఆ గుమ్మనడం ఎక్కువ, అంచుకు వెళ్లే కొద్దీ సన్నం. అనుమంద్రం వైపు కాలు దగ్గర పెడితే కింది స్థాయి నిండుగా ఉంటుంది, సారణి వైపు పెడితే పై స్థాయి తేటగా ఉంటుంది. తాళపు తీగల బ్రిడ్జికి మరీ దగ్గరగా పెడితే తాళం వేసినప్పుడల్లా అది రాగం మీద ఎక్కి కూర్చుంటుంది, అది వినడానికి చాలా చిరాకుగా ఉంటుంది.

ప్రతి వీణ పలక మందం వేరు, చెక్క వేరు, కాబట్టి పక్కింటి వీణ మీద బాగున్న చోటు మీ దాని మీద బాగుండాలని లేదు. వెతకడానికి టేపు వద్దు. మేళం కట్టడానికి, అంటే మెట్లు నిలపడానికి, వాడే మైనం ఉంటుంది కదా, తేనె మైనంలో గుగ్గిలం, మసి కలిపింది, అది కొంచెం వేళ్లతో మెత్తగా చేసి బిళ్ళ వెనక పల్చగా రాసి నొక్కితే నిలుస్తుంది, తీసి ఇంకో చోట పెట్టొచ్చు. మచ్చ పడుతుందనుకుంటే స్టేషనరీ షాపుల్లో పోస్టర్లు అంటించే జిగురు ముద్ద దొరుకుతుంది, అది వాడండి. ముద్ద ఏదైనా బాగా పల్చగా ఉండాలి. ఒకరు వాయిస్తూ ఉంటే ఇంకొకరు హెడ్‌ఫోన్‌లో వినాలి, లేదా ఫోన్లో రికార్డు చేసి వినాలి, ఎందుకంటే వీణ ఒళ్లో పెట్టుకుని వాయించేవాళ్లకు దండి గుండా, శరీరం గుండా వచ్చే నాదం కూడా కలిసి వినబడుతుంది, పికప్‌లో ఏం వస్తోందో సరిగ్గా తెలియదు. ఏదైనా ఒక రాగం ఆలాపన కింద అనుమంద్రం నుంచి పై షడ్జం దాకా తీసుకెళ్లండి, ఎక్కడైనా ఒక స్వరం మాత్రమే ఉన్నట్టుండి పెద్దగా మోగితే చోటు మార్చండి. శ్రుతి చూసుకునేటప్పుడు ఒక్కో తీగా మీటి వింటే సరిపోదు, లాగి పలికించే గాంధారం మీద కూడా వినండి, వీణ వీణలా ఉందా లేదా అక్కడే తేలుతుంది.

బ్రిడ్జి కాలి కింద బిళ్ళ దూర్చే ఆలోచన కొందరికి వస్తుంది. శబ్దం పెద్దగా వస్తుంది నిజమే. కానీ తీగల బరువంతా ఆ కాలి మీదే ఉంటుంది, సిరామిక్ పగులుతుంది, బ్రిడ్జి ఎత్తు ఒక వైపు మారి మెట్లకూ తీగకూ మధ్య జాగా తేడా వస్తుంది, పై స్థాయిలో శ్రుతి కలవదు. వద్దు.

చోటు ఖాయమయ్యాక పల్చటి డబుల్ సైడ్ టేపుతో అంటించండి. ఫెవిక్విక్ వాడితే ఇంకా బాగా పలుకుతుంది, గిటార్ లోపలి చెక్కకు అంటించే కొన్ని పికప్‌లకు ఆ జాతి జిగురే వాడతారు కూడా, కానీ అది కనబడని లోపలి చెక్క. వీణ పలక మీద ఫెవిక్విక్ వేస్తే తీసేటప్పుడు పాలిష్ లేచి వస్తుంది.

కుండ మీద ఆనే చేతి దారికి, మీటే వేళ్ల దారికి బిళ్ళ అడ్డు రాకుండా చూసుకోండి. తర్వాత వైరు. అది పలకకు తగిలి కొట్టుకుంటే ప్రతి చప్పుడూ స్పీకర్లో వస్తుంది, కాబట్టి బిళ్ళ నుంచి రెండు అంగుళాల దూరంలో ఒకసారి, కుండ అంచు దగ్గర ఇంకోసారి బట్ట టేపుతో ఆపి, మధ్యలో కొంచెం వదులు ఉంచండి. జాక్ బరువు వైరు మీద వేలాడకుండా, నాగపాశం (కుండ చివర తీగలను పట్టి ఉంచేది) కట్టిన చోట తీగలకు తగలకుండా మెత్తటి రిబ్బనుతో కట్టేస్తే సరి. ఎవరైనా వైరు తన్నుకుని నడిచినా ముందు జాక్ ఊడుతుంది, వీణకు ఏమీ కాదు.

ఇంకోటి, గాజులు, ఉంగరాలు. మైకులో వినబడని గాజు చప్పుడు పికప్‌లో దడేల్మని వస్తుంది. కుడిచేతి గాజులు తీసేయాలి, లేదా వెనక్కి తోసి రుమాలు కట్టుకోవాలి.

వైరు ఎందులో గుచ్చాలి

రేకు డబ్బా శబ్దానికి నూటికి తొంభై సార్లు కారణం ఇదే అని నేననుకుంటాను.

పీజో బిళ్ళ వోల్టేజీ ఇవ్వగలదు గానీ కరెంటు ఇవ్వలేదు. దాన్ని మామూలు మిక్సర్‌లో గుచ్చడం ఊట తక్కువున్న బావికి పెద్ద మోటారు పెట్టడం లాంటిది. లెక్క కూడా తేలికే. బిళ్ళ 20 నానోఫారాడ్ల కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది, మిక్సర్ లైన్ ఇన్‌పుట్ నిరోధం సుమారు 10 కిలోఓంలు అనుకుందాం. ఈ రెండూ కలిస్తే దాదాపు 800 హెర్ట్జ్ అనే గీత కింద ఉన్నదంతా తగ్గడం మొదలవుతుంది. మైక్ ఇన్‌పుట్ అయితే రెండు కిలోఓంలే, అప్పుడు 4000 హెర్ట్జ్ కిందదంతా పోతున్నట్టు. ఇప్పుడు వీణ ఎక్కడుందో చూడండి. శ్రుతి రెండున్నర, అంటే డి షార్ప్, అనుకుంటే సారణి షడ్జం సుమారు 156 హెర్ట్జ్, మంద్ర షడ్జం 78, అనుమంద్రం తీగ పంచమం 58. అంటే వీణ మొత్తం ఆ గీతకు కిందే ఉంది. పైన మిగిలేది గోరు టిక్కులు, మెట్ల గీర. రేకు డబ్బా మరి ఎందుకు కాదు?

అదే బిళ్ళను 1 మెగాఓం ఇన్‌పుట్‌లో గుచ్చితే ఆ గీత 8 హెర్ట్జ్‌కి దిగిపోతుంది, అనుమంద్రం మొత్తం చెక్కుచెదరకుండా వస్తుంది. గిటార్ యాంప్లిఫయర్ల ఇన్‌పుట్ మామూలుగా 1 మెగాఓం ఉంటుంది, అందుకే పరీక్షకు గిటార్ వాయించే స్నేహితుడి యాంప్‌లో గుచ్చి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది. కొన్ని ఆడియో ఇంటర్‌ఫేసుల్లో "ఇన్‌స్ట్రుమెంట్" అనే బటన్ ఉంటుంది, అదీ ఈ పనికే.

సభకు వెళ్లినప్పుడు సౌండ్ వాళ్ల దగ్గర డీఐ బాక్స్, అంటే వాయిద్యాన్ని మిక్సర్‌కు సరిపడేలా కలిపే డబ్బా, ఉంటుంది. కానీ ఏ డీఐ అని అడగండి. యాక్టివ్ అయితే, అంటే బ్యాటరీతోనో మిక్సర్ నుంచి వచ్చే 48 వోల్టుల ఫాంటమ్‌తోనో నడిచేది అయితే, చాలావరకు పనికొస్తుంది. పాసివ్ డీఐల్లో ట్రాన్స్‌ఫార్మర్ మాత్రమే ఉంటుంది, మంచివి కూడా 140 కిలోఓంల దగ్గర ఉంటాయి, లెక్క వేస్తే గీత 57 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, అంటే అనుమంద్రం సరిగ్గా అంచున కోసుకుపోతుంది. ఫర్వాలేదు అనిపిస్తుంది గానీ పక్కపక్కన పెట్టి వింటే లోటు తెలుస్తుంది. పి-38 నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్‌కి (మైకు వైరుకు ఉండే మూడు పిన్నుల జాక్‌కి) మార్చే ఒట్టి వైరుతో నేరుగా మైక్ చానల్‌లో గుచ్చడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. శబ్దం పోవడమే కాదు, ఫాంటమ్ ఆన్‌లో ఉంటే ఆ వోల్టేజీ బిళ్ళ మీదికి వస్తుంది.

అన్నిటికంటే మేలు సొంత ప్రీయాంప్. అకూస్టిక్ గిటార్‌కు అమ్మే ప్రీయాంప్ బాక్సు ఏదైనా పనికొస్తుంది, ఇన్‌పుట్ 1 మెగాఓం లేదా అంతకంటే ఎక్కువ అని కాగితంలో చూసి కొనండి. సోల్డరింగ్ అలవాటుంటే ఇంట్లోనే కట్టుకోవచ్చు: టీఎల్071 ఐసీ ఒకటి, 9 వోల్టుల బ్యాటరీ. ఏడో కాలు బ్యాటరీ ప్లస్‌కి, నాలుగో కాలు గ్రౌండుకి. రెండో కాలు, ఆరో కాలు కలిపేయండి. రెండు 100 కిలోఓంల రెసిస్టర్లను బ్యాటరీ ప్లస్‌కీ గ్రౌండుకీ మధ్య వరసగా వేస్తే నడిమిన నాలుగున్నర వోల్టులు వస్తుంది, అక్కడి నుంచి గ్రౌండుకు 10 మైక్రోఫారాడ్ కెపాసిటర్ ఒకటి, అక్కడి నుంచే మూడో కాలికి 2.2 మెగాఓంల రెసిస్టర్ ఒకటి. బిళ్ళ సిగ్నల్ 0.1 మైక్రోఫారాడ్ కెపాసిటర్ గుండా మూడో కాలికి రావాలి. ఆరో కాలి నుంచి 10 మైక్రోఫారాడ్ కెపాసిటర్ గుండా, ప్లస్ వైపు ఐసీకి ఉండేలా, బయటికి. దాని తర్వాత గ్రౌండుకు 100 కిలోఓంలు ఒకటి, జాక్‌కు ముందు వరసలో 470 ఓంలు ఒకటి. ఇది శబ్దాన్ని పెంచదు, బావి మీద మోటారు భారం పడకుండా చూస్తుంది, పెంచే పని మిక్సర్ చూసుకుంటుంది. ఇనుప లేదా అల్యూమినియం డబ్బాలో పెట్టి డబ్బాను గ్రౌండుకు కలపాలి, ప్లాస్టిక్ డబ్బా అయితే మళ్లీ హమ్. ఇన్‌పుట్ జాక్ స్టీరియోది వేసి, బ్యాటరీ మైనస్‌ను దాని నడిమి రింగ్‌కి కలిపితే మోనో పిన్ను గుచ్చినప్పుడు మాత్రమే కరెంటు నడుస్తుంది, వేరే స్విచ్ అక్కర్లేదు. ఈ ఐసీ తాగేది మామూలుగా ఒకటిన్నర మిల్లీయాంప్ దగ్గరే కాబట్టి మంచి ఆల్కలైన్ బ్యాటరీ ఒకటి చాలా కచేరీలకు వస్తుంది.

వీణ నుంచి ప్రీయాంప్ దాకా వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ప్రీయాంప్ తర్వాత స్టేజీ చివరి దాకా పొడుగు వైరు వేసుకున్నా ఇబ్బంది లేదు.

సౌండ్ చెక్

మొదట ఈక్యూ, అంటే ఏ స్థాయి ఎంత వినిపించాలో సర్దే మీటలు, అంతా మధ్యలో పెట్టించండి. సౌండ్ వాళ్లకు ఒక అలవాటు ఉంటుంది, ఏ వాయిద్యమైనా కింది స్థాయిని కోసే లోకట్ బటన్ నొక్కేస్తారు, అది చాలా మిక్సర్లలో 75, 80 లేదా 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, ఇంత శ్రమపడి కాపాడుకున్న అనుమంద్రాన్ని అక్కడ కోసేస్తుంది. మార్చుకునే వీలుంటే 40 దగ్గర పెట్టమనండి, లేకపోతే తీసేయమనండి. పీజోకు సహజంగా ఉండే ముక్కు గొంతు 1500 నుంచి 3000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, అక్కడ మూడు నాలుగు డెసిబెళ్లు తగ్గిస్తే గొంతు విచ్చుకుంటుంది. గోరు టిక్కు ఇంకా బాధపెడితే పై ట్రెబుల్ కొంచెం. దాన్ని మరీ తగ్గిస్తే మీటు పదును పోయి కంబళి కప్పినట్టుంటుంది, ఆ మాత్రం టిక్కు వీణలో ఉండాల్సిందే అని నా అభిప్రాయం.

కూత వస్తే ముందు ఫేడర్ ముట్టుకోవద్దు, మానిటర్ స్పీకర్ ఎటు చూస్తోందో చూడండి. అది కుండ వైపు చూస్తుంటే పలకను గాలితో అదరగొడుతోంది, దాన్ని వాయించేవాళ్ల ఎడమ వైపుకు, దండి చివర వైపుకు జరిపితే సగం గొడవ తీరుతుంది. తర్వాత ప్రీయాంప్‌లోనో మిక్సర్‌లోనో శబ్దాన్ని తిరగేసే ఫేజ్ బటన్ ఉంటే నొక్కి చూడండి, ఉన్న చోటే కూత తగ్గుతుంది కొన్నిసార్లు. అప్పటికీ ఒకే స్వరం దగ్గర మోగుతుంటే పారామెట్రిక్ ఈక్యూతో ఆ ఒక్క చోటు వెతికి సన్నగా కోయమనండి. కుండ సొంతంగా మోగే చోటు ఒకటి ఉంటుంది, అది చాలావరకు కింది మధ్య స్థాయిలోనే దొరుకుతుంది.

మంచి హాలు, ఓపికున్న సౌండ్ అతను దొరికితే పికప్‌తో పాటు ఒక మైకు కూడా పెట్టించి, పికప్ ముప్పాతిక, మైకు పావు కలపమనండి. వీణ గాలిలో ఎలా వినిపిస్తుందో ఆ పావు వంతు తెస్తుంది. పందిట్లో అయితే మైకు మరిచిపోండి, పికప్ ఒక్కటే చాలు.

హమ్ వస్తే వీణ మీద అనుమానపడే ముందు తంబూరా యాప్ నడుస్తున్న ఫోన్ చార్జర్ తీసి చూడండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

వేరే వాయిద్యాలైతే

వయొలిన్‌కు ఇంత పెద్ద బిళ్ళ బ్రిడ్జి మీద వేయకూడదు. వయొలిన్ బ్రిడ్జికి బరువు తగిలిస్తే అది మ్యూట్ పెట్టినట్టే అవుతుంది, బ్రిడ్జి పక్కనున్న సన్నటి చీలికలో దూరే చిన్న రకం పికప్ కొనుక్కోవడమే మంచిది. మామూలు బోలు మాండొలిన్‌కు వీణ పద్ధతే, పలక మీద బ్రిడ్జి పక్కన, బిళ్ళ మాత్రం 20 మిల్లీమీటర్లది. గిటార్‌కు లోపల చెయ్యి పోతుంది కాబట్టి బ్రిడ్జి కింది చెక్కకు లోపలి నుంచి అంటించుకోవచ్చు. ప్రీయాంప్ లెక్క అన్నిటికీ ఒకటే.

రెండు బిళ్ళలు వాడాలనుకుంటే, ఒకటి బ్రిడ్జి మీద, ఒకటి పలక మీద, రెండిటినీ ఒకే దిక్కున కలపండి: ఇత్తడి ఇత్తడికి, తెల్లది తెల్లదానికి. తారుమారైతే ఒకటి ఇంకోదాన్ని కొట్టేసి శబ్దం బోలుగా వస్తుంది. అలా సరిగ్గా కలిపినా బోలుగా ఉంటే రెండో బిళ్ళను అర అంగుళం జరిపి చూడండి, పలక అన్ని చోట్లా ఒకేవైపు అదరదు.

తీసేటప్పుడు

బిళ్ళ గోరుతో పీకకండి, వంగితే సిరామిక్ పగిలిపోతుంది. గట్టి దారమో పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాసో బిళ్ళ కింద దూర్చి రంపంలా అటూ ఇటూ లాగితే టేపు తెగి వస్తుంది. మిగిలిన జిగురు వేలితో ఉండలు చుట్టి తీయాలి, మొండికేస్తే కొబ్బరి నూనె చుక్క వేసి పది నిమిషాలు ఆగి మెత్తటి గుడ్డతో తుడవండి. స్పిరిట్, శానిటైజర్, థిన్నర్ దగ్గరికి రానివ్వద్దు, పాత వీణల మీద ఉండేది లక్క పాలిష్, అది స్పిరిట్‌లో కరుగుతుంది, ఒక్క తుడుపుకే తెల్ల మచ్చ పడుతుంది. జాక్ గుచ్చేటప్పుడూ తీసేటప్పుడూ చానల్ మ్యూట్ చేయమని సౌండ్ అతనికి ముందే చెప్పండి. వర్షాకాలంలో నెలల తరబడి కచేరీ లేకపోతే ప్రీయాంప్ లోంచి బ్యాటరీ తీసి పక్కన పెట్టేయండి, కారితే క్లిప్పుతో పాటు జాక్ కూడా తుప్పు పడుతుంది.